పోతు ఈనిన పిల్లకు రసీదు

పోర్ట్ బ్లెయిర్ దగ్గర చౌల్దారీలో బుల్లమ్మ సర్కారు మేకలు రెండింటిని కోసుకు తినేసిందట.

ఈ మాట పొద్దున్న బస్టాపులో పుట్టి, మధ్యాహ్నానికి చేపల బజారు చేరి, సాయంత్రం టీ వేళకు డైరీ ఫార్మ్ అనే పేటలో ఉంటున్న ఆమె ఆడపడుచు కాళమ్మ ఇంట్లో కూర్చుంది. దారిలో ఎదిగింది కూడా. బస్టాపులో ఉన్నప్పుడు అది ఉత్త కూర. చేపల బజారులో నూకాలమ్మకు మొక్కు అయింది. డైరీ ఫార్మ్ చేరేసరికి ఒక మేకను కోసి, రెండోదాన్ని ఓడెక్కించి విశాఖపట్నం పంపించిందని తేలింది. కాళమ్మ ఆగలేక ఫోను చేసింది.

"ఒక్క ముక్కయినా పంపలేదేటి వదినా? నానేటి పరాయిదాన్నా?"

దీనికంతటికీ సాక్షి యర్రయ్య. యర్రయ్యకు చౌల్దారీలో కిరాణా కొట్టుంది. ఆ కొట్లో సరుకులు తూకానికి కాస్త తక్కువగానూ, మాటలు కాస్త ఎక్కువగానూ దొరుకుతాయి. "నా చెవుల్తో నాను విన్నాను. ఆఫీసులో అందరి ముందూ 'బక్రా కాట్ దో' అన్నాది. మేకని కోసెయ్యండి అని సర్కారోడి మొకం మీదే అడిగింది. అదీ గుండె అంటే!" అని ఉప్పు పొట్లం కట్టినంతసేపూ చెప్పాడు.

ఇంట్లో ఉన్నది ఇద్దరు. అందులో ఒకడు నెలలో సగం రోజులు సముద్రం మీదే ఉంటాడు. మరి రెండు మేకలు ఎలా అరిగాయని ఎవరూ అడగలేదు. పుకారుకు అజీర్తి చెయ్యదు.

అసలు ఈ గొడవకు మూలం మేక కాదు, బుట్ట.

బుల్లమ్మ ముప్పై ఏళ్ళు నెత్తిన చేపలబుట్ట మోసింది. మొగుడు నూకన్న డింగీ పడవ వేసుకుని వెళ్ళి పట్టుకొచ్చేవాడు, ఆమె ఇల్లిల్లూ తిరిగి అమ్మేది. తెలుగువాళ్ళ ఇళ్ళు కొన్నే కాబట్టి హిందీ లేనిదే చేప కదిలేది కాదు. ఆ హిందీని ఆమె బడిలో నేర్చుకోలేదు, బుట్ట కిందే నేర్చుకుంది. పెద్ద బుట్టను టోక్రా అంటారు. చిన్న బుట్టను టోక్రీ అంటారు. పెద్ద డబ్బా డబ్బా, చిన్నది డబ్బీ. దీన్నిబట్టి బుల్లమ్మ సొంతంగా ఒక వ్యాకరణం కనిపెట్టింది. చివర 'ఆ' ఉంటే పెద్దది, 'ఈ' ఉంటే చిన్నది. ముప్పై ఏళ్ళలో ఈ సూత్రం ఆమెను ఒక్కసారీ మోసం చెయ్యలేదు. వ్యాకరణాలు అంతే, నమ్మినంతకాలం నమ్మించి, ఏదో ఒక రోజు మేక దగ్గర కాలు విరగ్గొడతాయి.

రెండేళ్ళ కిందట మోకాళ్ళు అరిగి ఆమె బుట్ట దించేసింది. అప్పుడే సిప్పీఘాట్‌లో ఒక మైదానంలో షామియానా వేసి, సర్కారు పశువుల ఆఫీసువాళ్ళు ఆడవాళ్ళకు మేకలు పంచారు. మైకులో ఉపన్యాసాలు అయ్యాక, పూలదండలు మేకలు తినేశాక, ఒక్కొక్కరినీ పిలిచారు. బల్ల దగ్గర రిజిస్టరు ముందేసుకుని మోహన్‌కృష్ణ అనే గుమాస్తా కూర్చున్నాడు. అతని తాత విజయనగరం వైపు నుంచే వచ్చాడు. ఇంట్లో అమ్మతో తెలుగే మాట్లాడతాడు. కానీ అతను కుర్చీలో కూర్చోగానే అతని తెలుగు లేచి బయటికి వెళ్ళిపోతుంది.

"బక్రా యా బక్రీ?" అని తలెత్తకుండా అడిగాడు.

మేక అతని ఎదురుగానే నిలబడి షామియానా తాడు నములుతోంది. తలెత్తి చూస్తే సరిపోయేది. తలెత్తితే గడి తప్పిపోతుందని అతని భయం. బుల్లమ్మ మేకను ఎగాదిగా చూసింది. చిన్నపిల్ల కాదు, ఏడాది నిండిన నిక్షేపమైన మేక. టోక్రా, టోక్రీ. బక్రా, బక్రీ. లెక్క కుదిరింది.

"బక్రా!" అంది గట్టిగా. పెద్ద మేకే వచ్చింది కదా అన్న సంబరం ఆ గొంతులో ఉంది.

హిందీలో బక్రా అంటే మగమేక, బక్రీ అంటే ఆడమేక. మోహన్‌కృష్ణ 'బక్' అని ఇంగ్లీషులో రాసుకున్నాడు. అంటే పోతు. యజమాని గడిలో పేరు రాస్తూ ఎందుకో రెండు ముక్కలు చేసి 'బుల్ అమ్మ' అని రాశాడు. చెవికి పసుపుపచ్చ బిళ్ళ కుట్టారు, నంబరు నాలుగు వందల పదిహేడు. అలా ఒక ఆడమేక మగదై, ఒక ఆడమనిషి సగం ఆబోతై, మేకను బస్సెక్కనివ్వరు గనక ఇద్దరూ దారంతా నడుచుకుంటూ ఇంటికి వచ్చారు. సిప్పీఘాట్ నుంచి వచ్చింది కదాని మేకకు సిప్పీ అని పేరు పెట్టింది బుల్లమ్మ.

ఆ మేక ఆమెకు పాడి అనుకుంటే పొరపాటు. పాడి కొంతే. ముప్పై ఏళ్ళు నెత్తిన బరువు మోసిన మనిషికి ఒక్కసారిగా బరువు తీసేస్తే నడవడం రాదు. సిప్పీ ఆమెకు నడక. పొద్దున్నే దాని వెనక గట్టుకు వెళ్ళేది, ఎండెక్కాక దానికంటే ముందు ఇంటికి వచ్చేది. దారి పొడుగునా దాన్ని తిట్టేది. నూకన్న ఇంట ఉన్నాడో లేడో గుమ్మంలో చెప్పులు చూసి తెలుసుకునే మనిషికి, తిట్టడానికి ఎప్పుడూ ఎదురుగా ఉండే ప్రాణి ఒకటి దొరకడం చిన్న విషయం కాదు.

ఏడాది తిరిగేసరికి సిప్పీ ఈనింది. మొదటి ఈత పిల్లను ఆఫీసుకు వాపసు ఇవ్వాలని నియమం. ఇంకొకరికి ఇస్తారట. పిల్ల పాలు మరిచాక ఆఫీసువాళ్ళు వచ్చి సంతకం పెట్టి పట్టుకెళ్ళారు, ఒక రసీదు ఇచ్చారు. బుల్లమ్మ ఆ రసీదును ప్లాస్టిక్ కవరులో పెట్టి, వాసానికి వేలాడదీసింది. అందులో ఏమి రాసి ఉందో ఆమెకు తెలియదు. రాసినవాడికీ తెలియదని తరవాత తేలింది.

రెండు నెలలకు ఒక నోటీసు వచ్చింది. పక్కింటి ధరణి చదివి పెట్టింది. ధరణి తొమ్మిదో తరగతిలో బడి మానేసిన పిల్ల. తమ్ముళ్ళను చూసుకోవాలని మానిపించారు. తమ్ముళ్ళు పెద్దవాళ్ళయ్యారు, బడి మాత్రం ఆమె కోసం ఆగలేదు. నలుగురిలో నోరు విప్పదు. బుల్లమ్మ దగ్గర మాత్రం విప్పుతుంది, ఎందుకంటే బుల్లమ్మ దగ్గర ఎవరు నోరు విప్పినా వినబడేది బుల్లమ్మ ఒక్కతే.

"పిన్నీ, రెండేళ్ళు నిండిన పోతులన్నీ వాపసు తీసుకుంటారంట. వచ్చే బుధవారం జీపొస్తాదంట."

"తీసుకోనీ. మనకేటి?"

"నీ పేరుంది."

"నాకు పోతెక్కడిదే?"

"నాలుగొందల పదిహేడు. బక్ అని రాశారు. బక్ అంటే పోతు."

బుల్లమ్మ గుమ్మం బయటికి చూసింది. నాలుగు వందల పదిహేడు నంబరు పోతు పొదుగు ఊపుకుంటూ ధరణి వాళ్ళ చిక్కుడుపాదు తింటోంది.

వాపసు తీసుకున్న పోతుల్ని ఏమి చేస్తారో ఊళ్ళో అందరికీ తెలుసు. వేలం వేస్తారు. వేలం పాడేది పూజారులు కాదు, మాంసం కొట్టువాళ్ళు. బుల్లమ్మ అరుగు మీద కూలబడింది.

"పొదుగున్న పోతునెక్కడైనా సూసినారా ఆళ్ళు? ఒలే, నువ్వు సదువుకున్నావు కదా, దీన్ని ఆడదని ఇంగిలీసులో ఏటంటారో సెప్పు. బుధారంలోగా ఎల్లి సెప్పొచ్చేత్తాను."

ధరణి ఇంట్లోంచి అట్టలూడిన నిఘంటువు తెచ్చింది. బడి మిగిల్చిన ఆస్తి అదొక్కటే. కాసేపు వెతికి, "డో" అంది.

"డో?"

"ఆడమేక డో, మగమేక బక్. వాళ్ళకి అన్నిటికీ వేరేవేరే పేర్లుంటాయి పిన్నీ. ఆవు కౌ, ఎద్దు ఆక్స్, పెయ్య హెఫర్, ఆబోతు బుల్."

"బుల్లా?"

ధరణి నవ్వు ఆపుకోలేకపోయింది. "అవును పిన్నీ. నీ పేరులో సగం ఆబోతే."

"ఆబోతు మీ బాబాయి. నాను దాన్ని కట్టుకున్నదాన్ని." బుల్లమ్మ నవ్వలేదు. "మరి ఆడకుక్కనేటంటారు?"

ధరణి పేజీలు తిప్పింది, చూసింది, ముఖం ఎర్రబడింది. చివరికి చెవిలో చెప్పింది.

"అది తిట్టు కదే! టీవీలో తిడతారు."

"పేరే తిట్టు పిన్నీ. అందుకే ఎవరూ పిలవరు."

"ఎర్రిమొకాలు. కుక్కకి పేరెట్టుకుని ఆళ్ళే పలకలేకపోతే, ఎందుకెట్టుకున్నట్టు? మరి ఆడ సొరచేపకి?"

"చేపలకి పెద్దగా లేవు. హిందీలో అయితే చేపలన్నీ ఆడవే. మగచేపైనా 'మఛ్లీ ఆయీ' అనాలి. దోమలన్నీ మగవి."

"కుట్టేది ఆడదోమేనని మలేరియా ఓళ్ళొచ్చి సెప్పినారు కదా?"

"కుట్టేది ఆడదే. పేరు మగోడిది."

"ఇంట్లో లాగే అన్నమాట" అంది బుల్లమ్మ. ముప్పై ఏళ్ళు మగచేపల్ని ఆడపేరుతో అమ్మానా అని ఒక క్షణం ఆలోచించింది. కొన్నవాళ్ళెవరూ వాపసు తేలేదు కాబట్టి ఆ సంగతి వదిలేసింది. "మన తెలుగే నయం."

"మన తెలుగులో ఏముంది పిన్నీ? బాబాయి వచ్చాడు అంటాం. మేక వచ్చింది అంటాం. నువ్వొస్తే? నువ్వూ వచ్చింది అనే అంటాం. నువ్వూ మేకా ఒకటే లెక్క."

బుల్లమ్మ సిప్పీ వంక చూసింది. సిప్పీ చిక్కుడుపాదు ముగించి బుల్లమ్మ వంక చూసింది. "దాంతో కలిపితే నాకేటి సిన్నతనం లేదు. మీ బాబాయితో కలిపితే సెప్పు, దెబ్బలాడతాను" అని ఆమె కొంగు దోపుకుంది. "నువ్వూ రాయే ఆఫీసుకి. నాకు తోడు."

ధరణి తల అడ్డంగా ఊపింది. ఆఫీసంటే కుర్చీలు, కుర్చీల్లో మనుషులు. అందుకని మాట ఒక్కటే బుల్లమ్మ వెంట బయల్దేరింది. ధరణి చేసిన తప్పు అదే. మాటకు తోడుగా మనిషి వెళ్ళకపోతే మాట దారి తప్పుతుంది.

మర్నాడు బుల్లమ్మ టౌను బస్సెక్కింది. మరిచిపోకుండా ఉండడానికి డో, డో, డో అని లోలోపల అనుకుంటూ కూర్చుంది. గోతుల దగ్గర మాట ఎగిరిపడకుండా పళ్ళు బిగించింది. సగం దారిలో కండక్టరు వచ్చి "కిత్నా టికెట్, అమ్మా?" అన్నాడు.

"డో" అంది ఆమె ఉలిక్కిపడి.

అతను రెండు టికెట్లు చింపి చేతిలో పెట్టాడు.

"ఏయ్! దో ఎందుకు? నానొక్కదాన్నే! ఏక్, ఏక్!"

"ఆప్‌నే దో బోలా."

"నాను డో అన్నాను. దో అన్లేదు."

"వహీ తో బోలా. దో."

సిప్పీఘాట్ దాటేవరకూ దెబ్బలాడింది. టికెట్ చింపాక అతికించలేం అన్నాడు కండక్టరు. రెండు టికెట్లూ పట్టుకుని కూర్చుంది బుల్లమ్మ, మాటకు కూడా ఒక సీటు కొన్నట్టు. కానీ ఆ రభసలో అన్నిసార్లు దో అని అరిచాక, దిగేసరికి నోట్లో మిగిలింది దో ఒక్కటే. ఎక్కినప్పుడు మేక, దిగినప్పుడు రెండు. డకారం ఏ గోతిలో పడిపోయిందో ఆమె గమనించలేదు.

ఆఫీసులో క్యూ ఉంది. బుల్లమ్మ ముందు గడ్డివిత్తనాల కోసం వచ్చినవాళ్ళు, వెనక ఏదో సంతకం కోసం వచ్చిన యర్రయ్య. తన వంతు రాగానే ఆమె తెలుగులో మొదలుపెట్టింది.

"బాబూ, మాది సౌల్దారీ..."

"హిందీ మే బోలో, అమ్మా" అన్నాడు మోహన్‌కృష్ణ. అతని తెలుగు అప్పటికే బయటికి వెళ్ళిపోయింది.

"సాబ్, మేరా బక్రా బక్రా నహీ హై."

"తో క్యా హై?"

"దో హై." ధైర్యంగా చెప్పింది. ఇంగ్లీషు మాట్లాడుతున్నానన్న గర్వం కూడా కలిసింది.

"దో?" మోహన్‌కృష్ణ మొదటిసారి తలెత్తాడు. "దో బక్రీ?"

బక్రీ అంటే ఆడదని ధరణి చెప్పి పంపింది గాని, సర్కారు కాగితానికి ఇంగ్లీషు మాటే గట్టిదని ఆమె నమ్మకం. పెద్దమనిషికి ఒక్క మాటలో అర్థమైపోయిందని బుల్లమ్మ పొంగిపోయింది. "హా సాబ్! దో బక్రీ! దో!"

అతను ఆడవాటి గడిలో రెండు అని వేశాడు. మగవాటి గడిలో ఒకటి అలాగే ఉంది. బుల్లమ్మకు అంకెలు తెలుసు. పాత ఒకటి ఇంకా అక్కడే నిక్కచ్చిగా నిలబడి ఉండడం చూసి వేలు పెట్టి చూపించింది. "యే బక్రా కాట్ దో, సాబ్. కాట్ దో."

కాటనా అంటే హిందీలో గీత పెట్టి కొట్టెయ్యడం. కొయ్యడం కూడా అదే. మనం నవ్వడానికి వీల్లేదు, మన కొట్టెయ్యడం దొంగతనానికీ పనికొస్తుంది. ఆమె రిజిస్టరులో అక్షరాన్ని కొట్టెయ్యమంది. వెనకనున్న యర్రయ్య మేకను కోసెయ్యమన్నట్టు విన్నాడు. అతని చెవులు కొట్లో త్రాసులాంటివి. ఎప్పుడూ ఒక పక్కకే మొగ్గుతాయి.

"కాట్ నహీ సక్తే" అన్నాడు మోహన్‌కృష్ణ. రిజిస్టరులో కొట్టివేతలు నిషేధం. పై ఆఫీసరు సంతకం కావాలి, ఆ ఆఫీసరు సెలవులో ఉన్నాడు, ఆ సెలవు మంజూరు చెయ్యాల్సినాయన కూడా సెలవులో ఉన్నాడు.

అప్పుడు బుల్లమ్మకు కోపమొచ్చి తెలుగే వచ్చేసింది. "ఇంత పెద్ద పోర్ట్ బ్లెయిర్ పేరే ఒక్క కాయితంతో మార్సేసినారు. నా మేకని మార్సలేరేటి?"

మోహన్‌కృష్ణ పెదవి చివర చిన్న నవ్వు వచ్చింది. అంటే అతనికి తెలుగు వినబడుతుందన్నమాట. వెంటనే నవ్వును సొరుగులో పెట్టి, "బుధ్‌వార్ కో టీమ్ ఆయేగీ" అన్నాడు.

బుధవారం జీపు వచ్చింది. జీపులోంచి మోహన్‌కృష్ణ, బెంగాలీ పశువుల డాక్టరు మేడమ్, ఒక తాడు దిగారు. తాడును చూడగానే బుల్లమ్మ సిప్పీని వంటింట్లోకి తీసుకుపోయి కట్టేసింది. ధరణి కంచె అవతల నిలబడింది, ఇవతలికి రావడానికి ధైర్యం చాలలేదు.

డాక్టరు మేడమ్ కాగితం చూసి, "బుల్... అమ్మా?" అంది అనుమానంగా. ఇందులో మనిషి ఎవరు, పశువు ఎవరు అన్నట్టు మోహన్‌కృష్ణ వంక చూసింది. అతను గొంతు సవరించుకుని లెక్క చదివాడు. పోతు ఒకటి, వాపసు తీసుకోవాలి. ఆడమేకలు రెండు, చూసి పోవాలి. మొత్తం మూడు.

"ముందు సాయ్ తాగండి" అంది బుల్లమ్మ.

తాగారు. చిక్కగా ఉంది. మేడమ్ బాగుందని తల ఊపింది. గ్లాసులు ఖాళీ అయ్యేదాకా ఆగి బుల్లమ్మ చేతులు కట్టుకుంది. "అచ్ఛా హై, మేడమ్? బక్రా కా దూధ్ హై."

"బక్రీ కా" అని సరిదిద్దింది మేడమ్.

"నహీ మేడమ్. బక్రా కా. మీ రిజిస్టర్‌లో బక్రాయే ఉన్నాది కదా. హమారా బక్రా బహుత్ అచ్ఛా దూధ్ దేతా హై."

మోహన్‌కృష్ణ చేతిలో గ్లాసు ఆగింది. మేడమ్ లేచి వంటింట్లోకి తొంగి చూసింది. పసుపుపచ్చ బిళ్ళ చూసింది, నంబరు చూసింది, పొదుగు చూసింది. "దిస్ ఈజ్ ఎ డో" అంది.

కంచె అవతల ధరణి ఒక్కసారి ఎగిరింది. ఆ మాట సరైన నోట్లోంచి సరిగ్గా వినబడింది.

కానీ మోహన్‌కృష్ణ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. "బిళ్ళ పోతుది మేడమ్. రికార్డు ప్రకారం ఇదే పోతు. తీసుకెళ్ళాలి. ఆడమేకలు రెండూ ఎక్కడో దాచింది." ఈ మాటలు హిందీలో అన్నాడు, కానీ తాడు మాత్రం ఏ భాషా లేకుండా ముందుకు వచ్చింది.

బుల్లమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. ముప్పై ఏళ్ళు బుట్టలు మోసిన మెడ. ఆ మెడను దాటి తాడు లోపలికి వెళ్ళడం కష్టమని అందరికీ తెలిసింది. ఆమె చెయ్యెత్తి వాసానికి వేలాడుతున్న ప్లాస్టిక్ కవరు పీకి, అందులోని కాగితాలన్నీ మేడమ్ చేతిలో పోసింది. రేషన్ కాగితం, టీకాల కాగితం, నూకన్న డింగీ కాగితం. ఏది ఏదో ఆమెకు తెలియదు, ఒకటైనా తన పక్షాన మాట్లాడకపోతుందా అని.

ఒకటి మాట్లాడింది. మేడమ్ రసీదు తీసి చదివింది. ఇంకోసారి చదివింది. తరవాత బయటికి, హిందీలో, మెల్లగా చదివింది. "నాలుగు వందల పదిహేడు నంబరు పోతు ఈనిన పిల్ల ఒకటి, ఆరోగ్యంగా ఉన్నది, ముట్టినది. సంతకం..." తల ఎత్తింది. "సంతకం మీదే కదా, మోహన్‌కృష్ణజీ?"

ఎద్దు ఈనిందంటే దూడను గాటికి కట్టెయ్యమన్నవాడు సామెతలోనే ఉంటాడనుకుంటాం. ఉద్యోగం దొరికితే రసీదు కూడా ఇస్తాడని పెద్దలకు తెలియలేదు.

మోహన్‌కృష్ణ రసీదు అందుకుని చూశాడు. సంతకం నిజంగా బాగుంది, కింద గీత కూడా ఉంది. అప్పుడు జరిగింది ఒక విచిత్రం. వెళ్ళిపోయిన అతని తెలుగు జీపెక్కకుండా నడుచుకుంటూ వెనక్కి వచ్చింది.

"పిన్నీ, ఈ కాగితం ఎవరికీ చూపించకు. మేకను తీసుకెళ్ళను. కానీ రిజిస్టరులో మూడున్నాయి. కొట్టెయ్యడానికి వీల్లేదు."

"మరేటి సేత్తావు బాబూ?"

అతను ఆలోచించాడు. రిజిస్టరులో కొట్టివేతలు నిషేధం గాని, చావులు నిషేధం కాదు. దానికి వేరే గడి కూడా ఉంది. "పోతు ఒకటి చచ్చిపోయిందని రాస్తాను. ఆడమేక ఒకటి చచ్చిపోయిందని రాస్తాను. ఒకటి మిగులుతుంది. దానికి కొత్త బిళ్ళ."

"పుట్టనివి ఎలాగ సస్తాయి?"

"కాగితం మీద పుట్టాయి కదా పిన్నీ. కాగితం మీదే చస్తాయి."

మేడమ్ కిటికీలోంచి కొబ్బరిచెట్ల వైపు చూస్తూ, ఈ సంభాషణ తనకు రాని భాషలో జరుగుతున్నందుకు ఎంతో కృతజ్ఞతగా నిలబడింది.

"ఏ రోగంతో పోయాయని రాయమంటావు?" అన్నాడు మోహన్‌కృష్ణ కలం తీసి.

"మాట తేడా ఒచ్చి సచ్చిపోనాయని రాయి."

అతను జ్వరం అని రాశాడు. బుల్లమ్మ రెండు చావులకూ రెండు వేలిముద్రలు వేసింది. సిప్పీకి కుడిచెవిలో కొత్త బిళ్ళ పడింది. పాత బిళ్ళ తీసేసిన ఎడమచెవిలో కన్నం మిగిలింది. ఇన్నాళ్ళు మగాడుగా ఉన్నందుకు ఆ మేకకు దక్కిన నష్టపరిహారం అదొక్కటే. జీపు కదిలేటప్పుడు మోహన్‌కృష్ణ వెనక్కి తిరిగి కంచె అవతలి పిల్లను చూశాడు. "ఆ డో అన్న మాట చెప్పి పంపింది నువ్వేనా, చెల్లీ? ఈసారి కాగితం మీద రాసి పంపు" అన్నాడు. ధరణి చిక్కుడుపాదు వెనక్కి తప్పుకుంది. ఆ పాదుకు ఆకులు మిగల్లేదు గనక అందరికీ కనబడుతూనే ఉంది.

రెండు రోజుల తరవాత పంచాయతీ ఆఫీసు గోడకు జాబితా అంటించారు. 'మృతి చెందినవి: రెండు. యజమాని: బుల్ అమ్మ, చౌల్దారీ.' యర్రయ్య దాన్ని చదివాడు. ఆఫీసులో 'బక్రా కాట్ దో' తను విన్నాడు, గోడ మీద రెండు చావులు తను చూశాడు. రెండూ రెండూ కలిపితే నాలుగని ఎవరైనా అంటారు, యర్రయ్య కలిపితే కూర అయింది.

పుకారు నడిచినన్నాళ్ళూ బుల్లమ్మ సిప్పీని తోలుకుని అదే బస్టాపు ముందు నుంచి గట్టుకు వెళ్ళింది. మేక ఎదురుగా కనబడుతున్నా ఎవరూ నోరు మూసుకోలేదు, ఇది మూడోది అన్నారు. నూకన్న సముద్రం నుంచి వచ్చాక అతన్నీ అడిగారు, కూర ఎలా ఉందని. తను లేనప్పుడు వండుకుందేమోనని అతను కూడా రెండు రోజులు మొహం ముడుచుకున్నాడు. మూడో రోజు బుల్లమ్మ అన్నం పెడుతూ "దున్నపోతా!" అంది. ఆ ఒక్క మాటలో ఆడా మగా అనుమానం ఏమీ లేదు గనక అతను తిని పడుకున్నాడు.

కాళమ్మ మాత్రం ఇంకా మాట్లాడడం లేదు. తన వాటా ముక్క పంపలేదని.

బుల్లమ్మ మేకమాంసం తినదు. చిన్నప్పుడు ఒక పెళ్ళిలో తిని రాత్రంతా వాంతులు చేసుకుంది. ఆనాటి నుంచి చేప ఒక్కటే.